మా అన్నకు ఇరవై మూడు మార్కులు

మా అన్నకు నూటికి ఇరవై మూడు మార్కులు వేసింది నేనే. పరీక్ష పెట్టింది యంత్రమే అయినా, దానికి మార్కులు వెయ్యడం నేర్పిన చేతులు నావి. ఆ ఇరవై మూడు గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి. ఆ తర్వాత జరిగింది గుర్తొస్తే మాత్రం రొమ్ము విరుచుకుని నడవాలనిపిస్తుంది. రెండూ వారం రోజుల తేడాలో, ఒకే భవనంలో జరిగాయి కాబట్టి ఒకటి దాచి ఇంకొకటి చెప్పలేను.

అప్పట్లో సి లాంగ్వేజీ వచ్చినవాళ్ళకల్లా విమానం టికెట్టు దొరికేది. అనంతపురంలో ఎం.సి.ఏ. చదివి, అమీర్‌పేటలో మూడు నెలల కోర్సు చేసి, నేనూ సింగపూర్‌లో దిగాను. ఆంగ్ మో కియో పారిశ్రామికవాడలో, ఒక భవనం నాలుగో అంతస్తులో మా కంపెనీ. మాట్లాడే గడియారాలు, పాటలు పాడే గ్రీటింగ్ కార్డులు, నొక్కితే ఏడ్చే బొమ్మలు, ఇలా శబ్దంతో పని ఉన్న ప్రతి చిల్లర వస్తువుకీ మేము ప్రోగ్రాములు రాసేవాళ్ళం. ఆరుగురు ఇంజనీర్లం, ఒక మేనేజరు. ఆయన సింగపూర్ చైనీయుడు, మంచివాడే, కానీ నిదానం అనే మాట ఆయన పుట్టిన నక్షత్రంలో లేదు. లిఫ్టు బటన్‌ను కూడా నాలుగుసార్లు నొక్కేవాడు.

ఒకరోజు ఆయన అమెరికా నుంచి వచ్చిన పెట్టె ఒకటి బల్ల మీద పెట్టి, "టర్కీ లా, టర్కీ!" అన్నాడు. ఆ "లా" అక్కడివాళ్ళ ఊతపదం. మేము దేశం అనుకున్నాం. కోడి అట. మన నాటుకోడికి నాలుగింతలుంటుంది, మెడ కింద ఎర్రటి తోలు వేలాడుతుంది. అక్కడి అడవుల్లో వసంతకాలంలో ఆ కోడిని వేటాడతారు. వేటగాడు చెట్టుకు ఆనుకుని కూర్చుని పెట్టలాగా కూస్తాడు, పుంజు వెతుక్కుంటూ వస్తుంది. ఆ కూత కూయడం తాతల నుంచి మనవలకు వచ్చే విద్య. ఇప్పుడు నేర్పే తాతలు తగ్గిపోయారు, నేర్చుకునే మనవలకు ఓపిక లేదు. అందుకని వేట సామాన్లు అమ్మే ఒక కంపెనీ, అరచేతిలో పట్టే యంత్రం ఒకటి చేసిపెట్టమంది. అడవిలోకి తీసుకెళ్ళేది కాదు, ఇంట్లో సాధన చేసుకునేది. యంత్రం పెట్ట కూత వినిపిస్తుంది, మనం నోటితోనో, కూత పెట్టే సాధనంతోనో అలాగే కూయాలి, అది విని నూటికి ఇన్ని మార్కులని చెబుతుంది. ఆ మార్కుల లెక్క రాసే పని నాకు వచ్చింది.

నాకు ఎంత సంబరమో! గుంపులో ఒక్కదాన్నే ఆడపిల్లని, వచ్చి ఏడాది కూడా కాలేదు, యంత్రానికి బుర్రలాంటి భాగం నాకు ఇచ్చారు. కూత ఎత్తు ఎంత, పల్లం ఎంత, బొంగురు ఎంత, అన్నిటికీ లెక్క కట్టాను. చివర్లో ఒక నియమం సొంతంగా చేర్చాను. రెండు సెకన్లకు మించి మౌనంగా ఉంటే కూసేవాడు తడబడ్డాడని అర్థం, మార్కులు కోసెయ్యాలి. ఎవరూ చెప్పని నియమం ఆలోచించి పెట్టినందుకు మేనేజరు నా భుజం తట్టాడు. నెలరోజులు మా అంతస్తంతా కోళ్ళ దొడ్డి అయింది. మధ్యాహ్నం భోజనం తర్వాత ఆరుగురమూ వంతులవారీగా కూసేవాళ్ళం, కింది అంతస్తు వాళ్ళు రెండుసార్లు వచ్చి పోట్లాడారు. అందరికంటే ఎక్కువ మార్కులు మేనేజరువే. గుక్క తిప్పుకోకుండా తగవు పడుతున్నట్టు కూసేవాడు, తొంభై నాలుగు.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. ఆఫీసులో ఎవరికీ చెప్పని సంగతి.

మా నాన్న వేరుశనగ రైతు. వేరుశనగ పండని ఏడాది, అంటే మా వైపు చాలా ఏళ్ళు, కౌజుపిట్టలు పట్టేవాడు. అందరూ దీపకాన్ని, అంటే బోనులో పెట్టిన పెంపుడు పిట్టను, పొదల దగ్గర ఉంచి దాని అరుపుతో మిగతా పిట్టలను రప్పించేవాళ్ళు. మా నాన్నకు దీపకం అక్కర్లేదు. ఆయన నోరే దీపకం. ఆయన పిలిస్తే పక్క గుట్ట మీది పోతుపిట్ట, తన చోటుకు ఎవడో వచ్చాడని కయ్యానికి కాలు దువ్వుతూ ఉచ్చులోకి నడిచి వచ్చేది. ఆ విద్య మా అన్నకు నేర్పాడు. నాకు నేర్పలేదు గానీ, నాకూ ఒక ఉద్యోగం ఇచ్చాడు. నా ఎడమ అరచేతిలో ఏడు గులకరాళ్ళు పెట్టేవాడు. నాన్న మూడుసార్లు పిలిచేవాడు, అంతే. ఆ తర్వాత నేను ఒక్కొక్క రాయినీ కుడిచేతిలోకి మార్చాలి. రాయికీ రాయికీ మధ్య నిండా ఊపిరి పీల్చి వదలాలి. ఏడూ మారాక ఆయన మోకాలు తట్టాలి. అప్పటికీ పిట్ట పలకకపోతేనే మళ్ళీ పిలుపు. నేను తొందరపడి రెండు రాళ్ళు ఒకేసారి మారిస్తే మా అన్న నా చెవి మెలిపెట్టేవాడు.

"పిలిచినాక గమ్మునుండల్ల," అనేవాడు నాన్న. "దానికీ ఆలోచన చేసుకునేకి టైమియ్యల్ల గదా."

గుడ్లు పెట్టే నెలల్లో ఆయన పిలుపు పెదవి దాటేది కాదు. తర్వాత పిట్టలు పడితే కేసులు పెడతారని జీపులు తిరగడం మొదలైంది. నాన్న ఉచ్చులు చుట్టి అటక మీద పడేశాడు, మళ్ళీ దించలేదు. అది మంచిదే, పిట్టలు కూడా బతకాలి. కానీ కాలేజీలో నాతో చదివే పట్నం పిల్లలకు ఈ సంగతి ఎవరో మోశారు. మూడేళ్ళు నన్ను కౌజుపిట్ట అని పిలిచారు. వరండాలో నడుస్తుంటే వెనక నుంచి కూసేవాళ్ళు. అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను, ఇంక ఈ మాట నా నోట రాకూడదని. ఎంత గట్టిగా దాచానంటే చివరికి నాకే గుర్తు లేకుండా పోయింది. ఏడు రాళ్ళు మార్చిన చేతులతోనే రెండు సెకన్ల నియమం రాశాను.

మా అన్న నాకంటే రెండేళ్ళ ముందే సింగపూర్ వచ్చాడు. తొమ్మిదో తరగతిలో బడి మానేసి నన్ను చదివించినవాడు. జురాంగ్ ఐలాండ్‌లో, నూనె శుద్ధి చేసే ప్లాంట్లలో పరంజాలు కట్టే పని. ఇనుప గొట్టాలు భుజాన మోసుకుని అంత ఎత్తుకు ఎక్కి, మిగతావాళ్ళు నిలబడి పని చెయ్యడానికి చోటు కడతాడు. ఒకే దేశంలో ఒకే తల్లి బిడ్డలం, మా జేబుల్లో కార్డులు మాత్రం వేరు. ఆయనది వర్క్ పర్మిట్, నాది ఆఫీసు ఉద్యోగుల పాసు. ఆదివారాలు బస్సు, ట్రైను మారి నేను అద్దెకున్న బెడోక్ ఫ్లాట్ దగ్గరికి వచ్చేవాడు. ఇద్దరం కింద హాకర్ సెంటర్‌లో తిని, పంజరాలు వేలాడదీసే చోటికి వెళ్ళేవాళ్ళం. అక్కడ చైనా, మలయా తాతలు తమ గువ్వలను తెచ్చి కూయించుకుంటారు. మా అన్న చేతులు వెనక్కి కట్టుకుని వినేవాడు. ఒకసారి ఒక పంజరం దగ్గర ఆగి, "అంకుల్, దిస్ వన్ థ్రోట్ నో గుడ్, మెడిసిన్ కెన్," అన్నాడు. ఆ తాత నమ్మలేదు, కానీ మందు వేస్తే పిట్ట గొంతు బాగుపడింది. పై ఆదివారం నుంచి ఆయనే మా అన్నకు కాఫీ చెప్పి, పక్క కుర్చీ మీద టిష్యూ పొట్లం పెట్టి చోటు ఆపేవాడు.

"నీ ఆఫీసు ఒకసారి సూపీ పాపా," అని అన్న ఎన్నాళ్ళుగానో అడుగుతున్నాడు. నేను ఏదో ఒక సాకు చెప్పేదాన్ని. యంత్రం చూసుకోవడానికి అమెరికా వాళ్ళు వచ్చే ముందటి ఆదివారం నాకు ఆఫీసులో పని పడింది, ఇంక సాకు దొరకలేదు. అన్న ప్లాంటులో ఒక పూట ఓవర్‌టైమ్ చేసి, అటు నుంచి అటే వచ్చాడు. నీలం రంగు పని చొక్కా, ముందు భాగంలో ఇనుముండే బరువు బూట్లు, భుజం మీద తువ్వాలు.

కింద బల్ల దగ్గర సెక్యూరిటీ అంకుల్ ఉన్నాడు. రోజూ నన్ను పలకరించే మలయా పెద్దాయన. అన్నను కిందికీ పైకీ చూసి, "కాంట్రాక్టర్, ఆ?" అన్నాడు. కాదు, మా అన్న అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను తల ఊపాను. ఔనన్నట్టే ఊపాను. అంకుల్ సొరుగులోంచి పసుపు బిళ్ళ తీసి ఇచ్చాడు. తెల్ల బిళ్ళ చూడడానికి వచ్చిన అతిథులకు, పసుపు బిళ్ళ మరమ్మతు పనివాళ్ళకు. మా అన్నకు కాంట్రాక్టర్ అనే మాట తెలియకపోవడమేమిటి, ఆయన బతుకంతా కాంట్రాక్టర్ల కిందే. ఏమీ అనలేదు. పసుపు బిళ్ళ మెడలో వేసుకుని నా వెనక లిఫ్టు ఎక్కాడు. నేను వెనక్కి వెళ్ళి దిద్దుకోలేదు. అంత సిగ్గులేనిదాన్ని.

పైన మేనేజరు ఉన్నాడు. ఈయనెవరని అడగలేదు, యంత్రం చూపించుకోవడమంటే మేనేజరుకు అంత ముద్దు. "కమ్, కమ్, ట్రై లా," అని మా అన్న ముందు పెట్టాడు. యంత్రం పెట్ట కూత వినిపించింది. అన్న కళ్ళు మూసుకుని రెండోసారి విన్నాడు. ఆయన ఆ కోడిని బొమ్మలో కూడా చూడలేదు. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని మూడుసార్లు కూశాడు. గది మూలలో నిజంగానే ఒక పక్షి ఉందేమోనని మేనేజరు వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత అన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకున్నాడు. చాలాసేపు ఊరుకున్నాడు.

యంత్రం కీచుమంది. తెర మీద ఇరవై మూడు.

మేనేజరు పకపకా నవ్వి, తను కూసి తొంభై నాలుగు తెచ్చుకుని, పర్వాలేదు అన్నట్టు అన్న భుజం తట్టాడు. అన్న కూడా నవ్వాడు. ట్రైనులో తిరిగి వెళ్ళేటప్పుడు మాత్రం కిటికీలోకి చూస్తూ అన్నాడు.

"అది ఇనేకి రాలేదు పాపా. పిలుస్తానే ఉండమంటాది. అట్ల పిలిస్తే యా పిట్టైనా వస్తాదా?"

"అది అమెరికా కోడిలే అన్నా. మన పిట్టల మాదిరి కాదు," అన్నాను, అన్నీ తెలిసినదాన్ని.

"ఔనా," అన్నాడు. అంతే.

సోమవారం అమెరికా కంపెనీ యజమాని వచ్చాడు. డెబ్బై ఏళ్ళ మనిషి, పొడుగరి, చేతులు మా నాన్న చేతుల్లా గరుకు. ఆయన జేబులోంచి చిన్న చెక్క పెట్టె తీశాడు. దాని మూతకు సుద్ద రాసి, అంచు మీద గీస్తే కోడి కూత వస్తుంది. అది వాళ్ళ నాన్న చేసిచ్చిందట. మూడుసార్లు గీశాడు, పెట్టెను తొడ మీద పెట్టుకున్నాడు, కూర్చున్నాడు. యంత్రం కీచుమంది. ముప్పై ఒకటి. మళ్ళీ చేశాడు. ఇరవై ఎనిమిది.

మేనేజరు చెమట తుడుచుకుంటూ, తను కూసి చూపించాడు. తొంభై నాలుగు. ముసలాయన ఆ అంకెను, మేనేజరును, మళ్ళీ అంకెను చూశాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. తన వైపు వేటగాళ్ళ సంగతి మెల్లగా చెప్పాడు. దారి చూపించే యంత్రం, దూరం కొలిచే యంత్రం, తోక ఆడించే ప్లాస్టిక్ కోడి, ఒంటికి ఆకుల చొక్కా, అన్నీ తనే అమ్ముతున్నాడట. అన్నీ మోసుకుని అడవికి పోయిన కుర్రాళ్ళు పొద్దంతా కూసి, ఉన్న కోళ్ళను పక్క జిల్లాకు తోలేస్తున్నారట. కనీసం కూత అయినా సరిగ్గా నేర్పే వస్తువు ఒకటి అమ్మి పోదామనుకున్నాడట.

"నా చేత పెట్టెను రెండోసారి ముట్టుకోనివ్వకుండా మా నాన్న నా చెయ్యి పట్టుకుని కూర్చునేవాడు," అన్నాడు. "మీ యంత్రం ఆయనకైతే సున్నా వేసేది. గురువారం సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. అప్పటికి ఇది బాగుపడకపోతే పని ఆపేస్తాను."

పని ఆగితే ఏమవుతుందో ఎవరూ వివరించక్కర్లేదు. అప్పటికే డాట్ కామ్ కంపెనీలు ఒకటొకటిగా బోర్డులు తిప్పేస్తున్నాయి. మా ఆరుగురి పాసులూ ఆ కోడి మెడకు కట్టి ఉన్నాయి. మేనేజరు నా వైపు తిరిగి, "హౌ నౌ? నీ లెక్కే కదా లా," అన్నాడు.

నాకు ముసలాయన చేతులే కనబడుతున్నాయి. తొడ మీద పెట్టె, దాని మీద అరచెయ్యి, కదలకుండా. ఆ చెయ్యి నేను ఎక్కడ చూశాను? నిన్న, నా కుర్చీలో. అరవై ఏళ్ళ అనుభవానికి ముప్పై ఒకటి వేసిన నియమమూ, మా అన్నకు ఇరవై మూడు వేసిన నియమమూ ఒకటే. అది నేను సొంతంగా పెట్టింది. అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది నాకు నా మీదే వచ్చింది. అనంతపురంలో పుట్టి, ఏడు రాళ్ళు పట్టుకుని, మౌనాన్ని తప్పు కింద లెక్కేశాను! ఇంకెవరైనా రాసుంటే తెలియక రాశారనుకోవచ్చు. నేను తెలిసీ రాశానే.

అన్న గదిలో అందరికీ కలిపి ఒకటే సెల్‌ఫోన్. దానికి చేసి రమ్మన్నాను. మంగళవారం షిఫ్టు దిగి, ఎండ ఇంకా ఉండగానే బెడోక్ వచ్చాడు. పంజరాల చోటు దగ్గర బెంచీ మీద కూర్చున్నాం. నేను సంగతంతా చెప్పాను. పసుపు బిళ్ళ సంగతి మాత్రం ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. అక్కడ ఒక చెట్టు కింద ఎర్రటి గింజలు రాలి ఉంటాయి, మన గురివిందలంత ఉంటాయి, నల్ల మచ్చ ఉండదు. అన్న వంగి ఏడు ఏరి నా ఎడమ అరచేతిలో పోశాడు.

"పట్టుకో," అన్నాడు.

గొంతులోనే, పంజరాల్లోని గువ్వలకు వినబడనంత మెల్లగా, మూడుసార్లు పిలిచాడు. నేను గింజలు మార్చడం మొదలుపెట్టాను. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా ఊపిరి దానంతట అది లెక్క తెలుసుకుని నడిచింది. ఒడిలో పెట్టుకున్న చేతి గడియారంలో సమయం చూసి రాసుకున్నాను. నాలుగుసార్లు కొలిచాను, నాలుగుసార్లూ దాదాపు ఒకటే. ఇదే లెక్క అని లేవబోతే, అన్న మణికట్టు పట్టి కూర్చోబెట్టాడు.

"అంతే కాదు. దూరం నుంచి పలికితే ఇంగో ఏడు రాళ్ళు ఉండల్ల. దగ్గరికొచ్చి పలికితే అసలు పిలవనే గూడదు. పిలిచేది నేర్చుకునేకి నాకు నెల పట్టె. గమ్మునుండేది నేర్చుకునేకి నాలుగేండ్లు పట్టె."

పక్క కుర్చీలోని చైనా తాత మమ్మల్ని చూస్తున్నాడు. "నో సౌండ్, వాట్ గేమ్?" అని అడిగాడు. "నో సౌండ్ ఈజ్ ది గేమ్ అంకుల్," అన్నాడు మా అన్న. తొమ్మిదో తరగతి చదివినవాడు. ఆ ఒక్క వాక్యంతో నా బుర్రలో ప్రోగ్రామంతా కుదురుకుంది. నాకు అప్పుడు కలిగిన గర్వం ఇంత అని చెప్పలేను. ఎం.సి.ఏ. పట్టా చేతికి వచ్చిన రోజు దాంట్లో సగం కూడా లేదు.

బుధవారం, గురువారం తల ఎత్తకుండా రాశాను. పాత నియమం తీసి పారేసి, మౌనానికే మార్కులు పెట్టాను. మూడు కూతల తర్వాత ఊరుకున్నవాడికి మార్కులు పెరుగుతాయి. యంత్రంలో ఒక పుంజు ఎప్పుడు పలకాలో అది తనకు తోచినట్టు నిర్ణయించుకుంటుంది. దూరంగా పలికితే ఒక లెక్క, దగ్గరగా పలికితే ఇంకో లెక్క. ఆత్రపడి కూస్తే పుంజు వెళ్ళిపోతుంది, మళ్ళీ రాదు. మేనేజరు మొదటిసారి ప్రయత్నించి పదకొండు తెచ్చుకున్నాడు. "స్పాయిల్ట్ లా!" అని నెత్తి కొట్టుకున్నాడు. కాదు సార్, ఇప్పుడే బాగుపడింది అన్నాను.

గురువారం సాయంత్రం ముసలాయన కూర్చున్నాడు. పెట్టె మూడుసార్లు గీశాడు, తొడ మీద పెట్టాడు. గదిలో ఏడుగురం నిలబడి ఉన్నాం, ఏసీ రొద ఒక్కటే. మేనేజరు ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. నేను బల్ల చాటున లేని రాళ్ళు మార్చుకుంటున్నాను. అయిదు. ఆరు. ఏడు. ఎక్కడో దూరంగా, యంత్రం లోపలి నుంచి, పుంజు పలికింది. ముసలాయన కదలలేదు. నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. మళ్ళీ చాలాసేపటికి, దగ్గరగా, ఇంకోసారి పలికింది. అప్పుడు ఆయన పెట్టెను జేబులో పెట్టేసుకున్నాడు. తెర మీద ఎంత వచ్చిందో ఆయన చూడనే లేదు. తొంభై ఒకటి.

"ఇది మీకు ఎవరు చెప్పారు?" అన్నాడు.

అందరూ నా వైపు చూశారు. పుస్తకాల్లో చదివాను అనొచ్చు. ఇంటర్నెట్‌లో దొరికింది అంటే ఇంకా గొప్పగా ఉండేది.

"మా అన్న," అన్నాను. "మా నాన్న పిట్టలు పట్టేవాడు. ఆయన దగ్గర మా అన్న నేర్చుకున్నాడు. ఇక్కడే జురాంగ్ ఐలాండ్‌లో పరంజాలు కడతాడు. పోయిన ఆదివారం ఈ యంత్రం ఇరవై మూడు మార్కులు వేసింది ఆయనకే." మేనేజరు నోరు తెరిచి, "దట్ కాంట్రాక్టర్?" అన్నాడు. "నా తోడబుట్టినవాడు," అన్నాను. నా గొంతు అవసరానికి మించి గట్టిగా వచ్చింది, ఫర్వాలేదనుకున్నాను.

ముసలాయన ఆ రాత్రి విమానం ఆదివారానికి మార్చుకున్నాడు. ఆ మనిషిని చూడకుండా వెళ్ళనన్నాడు.

ఆదివారం అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తాడనుకున్నాను. మళ్ళీ ఓవర్‌టైమ్, మళ్ళీ అదే నీలం చొక్కా, అవే బూట్లు. కింద అదే సెక్యూరిటీ అంకుల్. అన్నను గుర్తుపట్టి, అడగకుండానే సొరుగులోంచి పసుపు బిళ్ళ తీశాడు.

"నో అంకుల్," అన్నాను. "మై బ్రదర్. సొంత అన్న. పోయినసారి నేనే తప్పు చెప్పాను."

అంకుల్ ఒకసారి నన్ను, ఒకసారి అన్నను చూసి, "సేమ్ నోస్, ఐ షుడ్ నో లా," అని నవ్వి, తెల్ల బిళ్ళ తీశాడు. ఆయన చేతిలోంచి తీసుకుని నేనే అన్న మెడలో వేశాను. అన్న బిళ్ళను తిప్పి చూసుకున్నాడు.

పైన ఆ ఇద్దరి మధ్య నా ఇంగ్లీషు అవసరం పెద్దగా పడలేదు. ముసలాయన పెట్టె గీసి తొడ మీద పెట్టుకున్నాడు. అన్న ఎదురుగా చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. ఏడు రాళ్ళు అయ్యాక అన్న, "కెన్," అన్నాడు, ఇంక పిలవొచ్చు అన్నట్టు. ముసలాయన లేచి చెయ్యి కలిపాడు, చాలాసేపు వదల్లేదు. ఈసారి మార్కుల కోసం కూయమని మేనేజరు యంత్రం తెచ్చి పెడితే, "ఈడ పిట్ట ల్యాకుండా ఎన్నిసార్లు పిలుస్తామప్పా," అని అన్న దాన్ని మర్యాదగా పక్కకు జరిపాడు. ఆ విధంగా మా అన్నకు ఆ యంత్రం మీద ఈనాటికీ ఇరవై మూడు మార్కులే. తర్వాత ఆ వస్తువు ఎన్ని ఇళ్ళకు వెళ్ళిందో నాకు తెలియదు గానీ, వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఎవరో ఒక కుర్రవాడు మా నాన్న ఏడు రాళ్ళంతసేపు గమ్మునుండి ఉంటాడు.

కిందికి దిగాక అన్న తెల్ల బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. బయట ఎండ మండిపోతోంది. బస్‌స్టాప్ దాకా నడిచాం. నాకు ఆపుకోవడం చేతకాలేదు.

"అన్నా, పోయిన ఆదివారం నేను అట్ల తల ఊపితే నువ్వు ఒక్క మాట కూడా అనలేదేం?"

తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"పాపా, మీ కాలేజీలో చేరినప్పటి నుంచి నువ్వు యాడా నన్ను అన్న అని చెప్పల్యా. నాకు తెల్సు. ఏడు రాళ్ళు ఎప్పుడో అయిపోయినాయి. అయినా పిలవకుండా కూర్చుంటి," అన్నాడు. "ఈ పొద్దు పలికితివి."